యాత్రకు ఎంత ఖర్చయింది?

పూర్వం మా ఊళ్ళలో కాశీ నుండి తిరిగి వచ్చినవారిని చూడడానికి వీధి వీధంతా కదలి వచ్చేది. వచ్చినవారు యాత్రికుల పాదాలకు నమస్కరించి, గంగాజలం శిరస్సున చల్లుకొని, చేతికి కాశీదారం కట్టించుకొని, "దర్శనం బాగా అయిందా? ఎన్ని నిద్రలు చేశారు? గయలో ఏ కాయ, ఏ పండు వదిలారు?" అని అడిగేవారు. సమారాధన జరిగేవరకు ఆ ఇంట్లో అవే ప్రశ్నలు, అవే జవాబులు. నేడు అదే యాత్ర ముగించుకొని కార్యాలయంలో అడుగుపెట్టినవానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న వేరు. నోట్లో వేసుకున్న ప్రసాదం ఇంకా కరగకముందే, "మొత్తం ఎంతయిందండీ?" అంటారు.

ఈ ప్రశ్నను గురించి రాయడానికి నాకు కొంత అర్హత ఉన్నది. రాజమహేంద్రవరంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, రెండేళ్ళ క్రితం విరమించాను. ఇతరుల బిల్లులు చూడడమే వృత్తిగా గలవాడిని కనుక, ఎదుటివారి ఖర్చు అడగడంలో నేను ఎవరికీ తీసిపోలేదని ముందుగానే ఒప్పుకుంటున్నాను. అయితే ఇప్పుడు చెప్పబోయేది నేను అడిగిన సంగతి కాదు, నన్ను అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు సంగతి.

2015వ సంవత్సరంలో మా అమ్మగారిని, భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకొని ప్రయాగ, కాశీ, గయ క్షేత్రాలకు వెళ్ళివచ్చాను. నాన్నగారు పోయిన నాటి నుండి గయలో ఆయనకు పిండప్రదానం జరిపించాలని అమ్మ అడుగుతూనే ఉన్నది. పిల్లల చదువులు, ఇంటి అప్పు అంటూ ఏడేళ్ళు వాయిదా వేశాను. చివరకు ఒకనాటి సాయంత్రం అమ్మ తన చేతి గాజులు రెండు తీసి నా ముందు పెట్టింది. "ఇవి అమ్మెయ్యి నాన్నా. ఈ సంగతి నీ చెల్లెళ్ళకు కూడా తెలియనివ్వకు" అన్నది. ఆ గాజులకు 30,000 రూపాయలు వచ్చాయి. విదేశంలో ఉన్న తమ్ముడు 40,000 పంపాడు. మిగిలినది నేను వేసుకున్నాను. పదమూడు రోజుల యాత్రకు మొత్తం 94,600 రూపాయలు అయింది. వృత్తి అలవాటు చొప్పున ప్రతి పైసా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరిన రోజున, మధ్యాహ్న భోజనవేళ, అన్నపూర్ణాదేవి ప్రసాదం పంచుతుండగా ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఐదుగురు, పదమూడు రోజులు! లక్ష దాటే ఉంటుందే?"

"పి.ఎఫ్. ఏమైనా తీశారా?"

"ఆయనకేమండీ, తమ్ముడు అక్కడ డాలర్లు సంపాదిస్తుంటే! ఆయనే పంపి ఉంటాడు."

అడిగినవారందరూ మంచివారే. మా నాన్నగారు పోయినప్పుడు మూడు రోజులు మా ఇంటి పనులు చక్కబెట్టినవారు కూడా వారిలో ఉన్నారు. అయినా ఆ క్షణంలో నాకు అమ్మ బోసి చేతులే కళ్ళముందు మెదిలాయి. నిజం చెబితే "డబ్బెక్కడిది?" అనే తరువాతి ప్రశ్న వస్తుంది; దానికి జవాబు చెబితే గాజుల దగ్గరకు చేరుతుంది. చెప్పకపోతే దాస్తున్నాడంటారు. ఈ రెండింటికీ భయపడి, "లక్షా? భలేవారే! యాభైలోపే తేలిపోయిందండీ. సత్రాల్లో దిగితే ఏమంత ఖర్చు కాదు" అని నవ్వేశాను. అందరూ "ఫరవాలేదే!" అన్నారు. సంభాషణ మరొకదాని మీదికి మళ్ళింది. చిన్న అబద్ధంతో పెద్ద గండం గడిచిందని సంతోషించాను.

అక్కడ టీ గ్లాసులు సర్దుతున్న మా అటెండరు ఆ మాట విన్నాడని నాకు అప్పుడు తెలియదు.

అతనికీ తండ్రి లేడు. అతని తల్లికీ గయ కోరిక ఉన్నది. ఐదుగురికి యాభై వేలు అయితే తలకు పదివేలు. తాను, భార్య, తల్లి కలిసి ముగ్గురు. కనుక ముప్పై వేలు. నా మాటను ఆధారం చేసుకొని అతను వేసుకున్న లెక్క ఇది. ఏడాదికి పైగా నెలనెలా పోగుచేసి, ముప్పైకి మరొక రెండు వేలు కలుపుకొని, 2017 మొదట్లో బయలుదేరాడు. సెలవు చీటీ మీద సంతకం పెట్టించింది నేనే. "శుభం, క్షేమంగా వెళ్ళిరండి" అని కూడా అన్నాను. ఎంత పట్టుకెళ్తున్నావని అడగలేదు. జీవితంలో ఆ ప్రశ్న అడగవలసిన ఒక్క సందర్భంలో నేను మర్యాద పాటించాను.

పది రోజుల తరువాత కాశీదారాలు, విభూతి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. యాత్ర బాగా జరిగిందా అని అడిగాను.

"ప్రయాగ అయిందండి, కాశీ అయిందండి. గయ ఒక్కటీ కుదరలేదండి. డబ్బు చాల్లేదు. తిరుగు టిక్కెట్టు ముందే తీసుకున్నాం కాబట్టి ఇల్లు చేరాం. మీరు ఐదుగురితో ఎలా సర్దుకొచ్చారో గానీ, మాకు చేతకాలేదండి."

కాశీ నుండి గయ సుమారు 250 కిలోమీటర్లు. ఆ తల్లి అంత దగ్గరకు వెళ్ళి, ఏ పని కోసం ఇల్లు కదలిందో ఆ పని కాకుండానే వెనుదిరిగింది. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో నా మీద నిష్ఠూరం లేదు. తనకు పొదుపు చేతకాలేదన్న సిగ్గే ఉన్నది. నేను ఆ రోజు ఏమీ మాట్లాడలేకపోయాను. ఫైలు మీదికి తలవంచుకున్నాను.

పెద్దలు చెప్పిన మాటలను నేను శ్రద్ధగా వెదికింది ఆ తరువాతనే. తప్పు జరిగాక శాస్త్రం వెదకడం మనవంటివారికి అలవాటే కదా.

మనకు బాగా తెలిసిన ఒక సుభాషితం తొమ్మిది విషయాలను గోప్యంగా ఉంచుకొమ్మంటుంది. ఆయుస్సు, విత్తం, ఇంటి గుట్టు, మంత్రం, ఔషధం, దాంపత్యం, దానం, మానం, అవమానం అని వాటిని సాధారణంగా లెక్కిస్తారు. కొన్ని పాఠాలలో ఒకటి రెండు మాటలు మారుతాయి గాని విత్తం, ఇంటి గుట్టు, దానం మాత్రం పోవు. యాత్ర ఖర్చు అడిగినవారు తెలియకుండానే ఈ మూడింటినీ ఒకేసారి తడుముతున్నారు. ఎంత ఉన్నదన్నది విత్తం. ఎవరు ఇచ్చారన్నది ఇంటి గుట్టు. క్షేత్రంలో ఎంత సమర్పించారన్నది దానం. కనుక ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అమర్యాద కాదు, గర్వమూ కాదు. మా ఇంటి విషయంలోనైతే ఆ గుట్టు నాది కూడా కాదు, మా అమ్మది. ఇతరులు మన దగ్గర దాచుకున్నదానిని మన మొగమాటం కోసం ఖర్చుపెట్టే అధికారం మనకు లేదు.

అయితే ఆ సుభాషితం దాచుకొమ్మన్నదే గాని, మార్చి చెప్పమనలేదు. ఈ భేదం నాకు మనుస్మృతి రెండవ అధ్యాయంలోని 110వ శ్లోకం చదివినప్పుడు స్పష్టమైంది. విద్యాబోధన సందర్భంలో వచ్చిన మాట అది. అడగనిదే ఎవరికీ చెప్పరాదు. అన్యాయంగా అడిగినవానికి కూడా చెప్పరాదు. బుద్ధిమంతుడు తెలిసి కూడా లోకంలో తెలియనివానివలె మసలుకోవాలి అని దాని భావం. అన్యాయంగా అడిగినవాని ఎదుట కూడా ధర్మశాస్త్రం మౌనాన్నే అనుమతించింది. మూగవానివలె ఉండమన్నది గాని, మాట మార్చమనలేదు. భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో వాఙ్మయ తపస్సును వివరిస్తూ, మాట ఎదుటివారికి ఉద్వేగం కలిగించనిదై, సత్యమై, ప్రియమై, హితమై ఉండాలని భగవానుడు చెప్పాడు. నా "యాభైలోపే" అన్న మాట విన్నవారికి ఉద్వేగం కలిగించలేదు, ప్రియంగానే ఉన్నది. సత్యం కాకపోవడం వల్ల హితం కూడా కాకుండా పోయింది.

ఇక ఎదుటివారు ఎందుకు అడుగుతారన్న విషయం. ఇందులో మనం తొందరపడి అందరినీ ఒకే గాట కట్టకూడదు. కొందరిది ఊరికే కుతూహలం. కొందరు తమ స్థితిని మన స్థితితో తూచుకుంటారు. కొందరు రేపు చేబదులు అడగవచ్చునా అని చూస్తారు. మరికొందరికి, వీరే ముఖ్యులు, తాము కూడా వెళ్ళాలని ఉంటుంది, "మాకూ కోరిక ఉన్నది, మావల్ల అవుతుందా?" అని నేరుగా అడగడానికి బిడియపడి, మన ఖర్చు అడుగుతారు. వీరు తరచుగా గట్టిగా అడగరు. పక్కన నిలబడి వింటారు.

మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్య మహర్షి భీష్మునికి తీర్థమహిమ చెబుతూ ఈ బీదవారి మాటే ముందుగా ఎత్తాడు. యజ్ఞాలకు అనేక సంభారాలు, పరికరాలు కావాలి. అవి రాజులకు, ధనవంతులకు సాధ్యం గాని దరిద్రునికి సాధ్యం కావు. దరిద్రుడు కూడా ఆచరించదగినది, యజ్ఞాలతో సమానమైన ఫలమిచ్చేది తీర్థయాత్ర అని ఆ మహర్షి వాక్యం. చేతులు, కాళ్ళు, మనస్సు అదుపులో ఉన్నవానికి, ఉన్నదానితో తృప్తిపడి అహంకారం లేనివానికి తీర్థఫలం దక్కుతుందని కూడా అక్కడే ఉన్నది. డబ్బు లేనివాని కోసం ఏర్పడిన ధర్మాన్ని మనం భోజనాల గదిలో డబ్బుతో కొలిచే వస్తువుగా మార్చుకున్నాము. ఎక్కువ చెబితే వినేవాడు "మనవల్ల కాదులే" అని కోరిక చంపుకుంటాడు. తక్కువ చెబితే ఏమవుతుందో నేను చూశాను.

యాత్ర లెక్క ఎవరికీ చెప్పకూడదని కూడా నా అభిప్రాయం కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుండి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిపొడుగునా మజిలీలు, వాటి మధ్య దూరాలు, దొరికే వస్తువులు, నదులు దాటే విధానాలు వివరంగా రాశారు. అవి "కాశీయాత్ర చరిత్ర"గా 1838లో అచ్చయ్యాయి. తరువాత వెళ్ళేవారికి పనికివచ్చే వివరం అది. ఆయన రాసినదాన్ని ఆడంబరమని ఎవరూ అనరు. లెక్క ఒకటే, పదిమందిలో చెబితే గొప్పో, పిసినారితనమో అవుతుంది, వెళ్ళేవానికి విడిగా కూర్చోబెట్టి చెబితే దారిబత్తెం అవుతుంది.

దానం గురించి ఒక మాట. యాత్ర నుండి వచ్చినవారిని "హుండీలో ఎంత వేశారు? అన్నదానానికి ఎంత రాశారు?" అని కూడా అడుగుతున్నారు. మనుస్మృతి నాలుగవ అధ్యాయం 237వ శ్లోకంలో, అసత్యం వల్ల యజ్ఞం, గర్వం వల్ల తపస్సు, చాటుకోవడం వల్ల దానం క్షీణిస్తాయని ఉన్నది. మరి దేవాలయాల గోడల మీద, పత్రికలలో దాతల పేర్లు ఎందుకు ప్రకటిస్తారని కొందరు అడుగుతారు. లెక్కలు చూసినవానిగా నా సమాధానం ఇది: తీసుకున్న సంస్థ తీసుకున్నట్టు చెప్పడం దాని బాధ్యత. రశీదు, పట్టిక లేని చోట సొమ్ముకు భద్రత లేదు. ఇచ్చినవాడు ఇచ్చినట్టు తానే చెప్పుకుంటూ తిరగడం వేరు. అలాగే ప్రయాణ రాయితీ కోసం బిల్లు పెట్టుకున్న ఉద్యోగిని లెక్కల గుమాస్తా వివరం అడిగితే అది ఆరా కాదు. అక్కడ మౌనం పనికిరాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి టిక్కెట్లు జతచేయవలసిందే.

ఇంతకూ భోజనాల గదిలో అడిగినప్పుడు ఏమనాలి? "దేవుడు ఎంత ఇప్పిస్తే అంత అయింది" అనేవారు ఉన్నారు. మాట బాగానే ఉంటుంది గాని, నిజంగా తెలుసుకోవలసినవాడికి దారి మూసేస్తుంది. "మీకెందుకండీ?" అంటే రేపటి నుండి ఒక గదిలో కూర్చొని పనిచేయడం కష్టం. నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న మాట ఇది: "అది ఇంటి లెక్కండీ, ఇంట్లోనే ఉండనివ్వండి. మీకు వెళ్ళే ఆలోచన ఉంటే చెప్పండి, మనిషికి ఎంత పడుతుందో విడిగా రాసిస్తాను." ఊరికే అడిగినవారు ఇక్కడ ఆగిపోతారు. తూచుకోవాలని అడిగినవారికి తూకానికి ఏమీ దొరకదు. కోరిక ఉన్నవారు సాయంత్రం అందరూ వెళ్ళాక వస్తారు. మూడుసార్లు అడిగినా అదే మాట, అదే నవ్వుతో చెప్పాలి. రెండవసారికి గొంతు పెంచితే నిజంగానే ఏదో దాస్తున్నామన్న అనుమానం మొదలవుతుంది. పక్కనే ఉన్న గ్లాసులవాడికి కూడా ఆ మాట వినబడేటట్టు చెప్పడం మరీ మంచిది.

అడిగే అలవాటు ఉన్నవారు, అంటే నేనూ, అడగదలచినది ఏమిటో నేరుగా అడిగితే సగం చిక్కు తీరుతుంది. "మా అమ్మను తీసుకెళ్దామనుకుంటున్నాను, ఎంత సిద్ధం చేసుకోవాలి?" అన్నది ఎవరినీ నొప్పించని ప్రశ్న.

అటెండరు విషయానికి వస్తాను. అతను గయ మాట చెప్పిన తరువాత వారం రోజులు నాకు అన్నం సయించలేదు. చివరకు సంగతంతా అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు ఊరుకొని, "నా గాజుల మాట దాచమన్నాను గాని, ఆ పిల్లాడి దారి దాచమన్నానా?" అన్నది. మర్నాడు నోటుపుస్తకం సంచిలో పెట్టుకొని వెళ్ళి, సాయంత్రం అతన్ని కూర్చోబెట్టాను. కూర్చోనన్నాడు. నిలబడే విన్నాడు. రైలుకు 31,400, వసతికి, భోజనానికి 17,200, వాహనాలకు, పడవలకు 15,500, మూడు క్షేత్రాలలో కర్మలకు, దక్షిణలకు 19,000, మందులు, కానుకలు, చిల్లర 11,500 అని పుటలు తిప్పుతూ చదివాను. తలకు దాదాపు పంతొమ్మిది వేలు. నేను ఆ రోజు చెప్పినది అబద్ధమని ఒప్పుకున్నాను. ఎందుకు చెప్పానో మాత్రం చెప్పలేదు. అతనూ అడగలేదు.

కాసేపటికి అతని ముఖంలో వచ్చిన మార్పు నేను ఊహించినది కాదు. కోపం కాదు, తేరుకున్నట్టుగా ఉన్నది.

"అదాండీ సంగతి! నేనే ఎక్కడో దుబారా చేశాననుకున్నానండి. మా ఇంటిది ఇప్పటికీ అంటూనే ఉంటుంది, పడవకి అంత ఎందుకిచ్చావ్, రిక్షా ఎందుకెక్కించావ్ అని. మా అమ్మైతే తనకి జ్వరం వచ్చి మందులు కొనబట్టే గయ ఆగిపోయిందని ఏడుస్తుందండి."

నా అబద్ధం ఆ ఇంట్లో ఇన్నాళ్ళుగా ఏ పని చేస్తున్నదో అప్పుడు తెలిసింది. తక్కువ పడిన డబ్బు నేనిస్తాను, మళ్ళీ వెళ్ళిరమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. "డబ్బొద్దండి. ఆ పుస్తకం ఓసారి ఇవ్వండి. వీలైతే ఒక్కసారి మా ఇంటికొచ్చి ఈ మాట మా అమ్మతో మీరే చెప్పండి. నేను చెబితే నమ్మదు."

ఆ ఆదివారం వెళ్ళాను. ఆ తల్లి ఎదుట, కోడలి ఎదుట కూర్చొని, యాత్రకు నిజంగా ఎంత పట్టిందో, నేను ఎంత అని చెప్పానో, వారి ఖర్చులో దుబారా ఏమీ లేదని, మందుల వల్ల గయ ఆగలేదని చెప్పాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆడిటుకు సమాధానం చెప్పుకున్నాను గాని, అంత కష్టమైన సమాధానం ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆమె అంతా విని, కోడలి వైపు తిరిగి, "విన్నావా?" అన్నది. తరువాత నాకు మజ్జిగ ఇప్పించింది.

మరుసటి ఏడాది మాఘమాసంలో వారు మళ్ళీ వెళ్ళారు. ఈసారి నేరుగా గయకే. విష్ణుపాదం దగ్గర, ఫల్గునదీ తీరాన, అక్షయవటం కింద చేయవలసినవన్నీ చేసి వచ్చారు. నోటుపుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు చూస్తే, నా లెక్క ముగిసిన పుట వెనుక అతని లెక్క మొదలైంది. గుండ్రని పెద్ద అక్షరాలలో, రైలు, సత్రం, సంభారాలు, దక్షిణ, అన్నీ ఉన్నాయి. చివరి పద్దు "అమ్మకు టీ, రెండుసార్లు, 20".

ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో లేదు. కార్యాలయంలో వెళ్ళేవారికి ఇస్తున్నారు. నేను విరమించేనాటికి అందులో మరో ఇద్దరి చేతిరాత చేరింది.